దోమ కుట్టింది చేతిమీద, వాపు అక్కడెందుకు?

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో కొందరు తాతలకు వృషణాల సంచి బాగా ఉబ్బి, నడవడమే కష్టమవుతుంది. దాన్నే వరిబీజం అంటారు. చాలామందిలో దానికి కారణం దోమ! కుట్టింది చేతినో కాలినో అయితే, వాపు అక్కడెందుకు?

వీర్యకణాలు తయారయ్యేది వృషణాల్లోనే. ఆ పనికి ఒంటి వేడికన్నా రెండు మూడు డిగ్రీల చల్లదనం కావాలి. అందుకే అవి కడుపులో కాక బయట సంచిలో ఉంటాయి. వాటి చుట్టూ రెండు పలచని పొరలు, నడుమ కాస్త నీరు. ఆ నీరు ఊరుతూ, సన్నని నాళాల్లోకి పోతూ ఉంటుంది.

మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ ఫైలేరియా పురుగు పిల్లల్ని మన ఒంట్లోకి చేరుస్తుంది. ఒక్కసారి కుడితే కాదు, పదేపదే కుడితేనే జబ్బు ముదురుతుంది. పెద్దవైన పురుగులు మగవారిలో ముఖ్యంగా వృషణాల దగ్గరి నాళాల్లోనే ఏళ్ల తరబడి బతుకుతాయి. నాళాలు పాడవుతాయి. వీధి కాలువకు చెత్త అడ్డుపడితే నీరు ఎగదన్నినట్టే, పొరల నడుమ నీరు నిలిచిపోతుంది. ఆ పెద్ద పురుగులు కనే పిల్లలు రక్తంలో తిరిగేది ఎక్కువగా రాత్రిపూటే. ఆరోగ్య సిబ్బంది రాత్రివేళ రక్తపు చుక్క తీసుకునేది అందుకే.

ఇది శాపం కాదు, ఎవరి తప్పూ కాదు. ప్రపంచంలో సుమారు 2.5 కోట్లమంది మగవారికి ఈ ఫైలేరియా వరిబీజం ఉంది. ఆపరేషన్‌తో నయమవుతుంది. సిగ్గుపడి దాచుకోవడమే అసలు బాధ.

ఫైలేరియా నివారణకు ఇచ్చే డీఈసీ మాత్రలు ఇంటికొస్తే భోజనం చేశాక, సిబ్బంది ఎదుటే మింగండి. అబ్బాయిలూ, వృషణంలో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వస్తే అది వేరే ప్రమాదం. వెంటనే అమ్మకో నాన్నకో చెప్పి ఆస్పత్రికి వెళ్లండి.