తవుడు ఎందుకు ముక్కిపోతుంది? – లైపేజ్ ఎంజైమ్ కథ



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల పిల్లలం మనం. సాగర్ ఎడమ కాల్వ, వరి పొలాలు, రైస్ మిల్లులు మనకు కొత్త కాదు. మన తల్లిదండ్రుల్లో నాట్లు వేసినవారు, మిల్లుల్లో బస్తాలు మోసినవారు ఎందరో ఉన్నారు. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటిదాన్ని నేనే. ఇప్పుడు ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్నాను. అందులో లైపేజ్ అనే ఎంజైమ్ పాఠం ఉంది. పేరు ఇంగ్లీషుదే కానీ, దాని పని మన అమ్మలకు ఎప్పటినుంచో తెలుసు. గేదెకు పెట్టే తవుడు తాజాగా ఉన్నప్పుడే తేవాలని, నిల్వ ఉంచితే ముక్కిన వాసన వస్తుందని వాళ్లు చెబుతారు. ఆ మాట వెనుక ఉన్న సైన్సు ఏమిటో చూద్దాం.

లైపేజ్ అంటే ఏమిటి?

మనం తినే నూనె, నెయ్యిలో ఎక్కువ భాగం ట్రైగ్లిజరైడ్‌లే. ఒక గ్లిజరాల్ అణువుకు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కొని ఉంటే అది ట్రైగ్లిజరైడ్. ఆ అతుకుల దగ్గర నీటి అణువును చేర్చి, కొవ్వు ఆమ్లాలను విడగొట్టే ఎంజైమే లైపేజ్. ఈ చర్యను జలవిశ్లేషణ అంటారు. క్లోమరసం కొవ్వును జీర్ణం చేస్తుందని ఫ్రాన్స్ శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ 1840లలోనే ప్రయోగాలతో చూపించాడు.

దాని నిర్మాణం

మనిషి క్లోమంలో తయారయ్యే లైపేజ్‌లో 449 అమైనో ఆమ్లాలు ఉంటాయి. దాని త్రిమితీయ రూపం 1990లో వెల్లడైంది. కొవ్వును కోసే పని అందులో మూడు అమైనో ఆమ్లాలదే. అవి 152వ స్థానంలోని సెరీన్, 176వ స్థానంలోని ఆస్పార్టిక్ ఆమ్లం, 263వ స్థానంలోని హిస్టిడిన్. గొలుసులో దూరదూరంగా ఉన్నా, ప్రొటీన్ ముడుచుకున్నప్పుడు ఈ మూడూ ఒకేచోటికి చేరతాయి. హిస్టిడిన్ సహాయంతో సెరీన్ కొవ్వు అణువును పట్టుకుంటుంది. ఆస్పార్టిక్ ఆమ్లం హిస్టిడిన్‌ను సరైన స్థితిలో నిలుపుతుంది. కొవ్వు ఆమ్లం కాసేపు సెరీన్‌కు అతుక్కుంటుంది. తర్వాత నీటి అణువు వచ్చి దాన్ని విడిపిస్తుంది. ఎంజైమ్ మళ్లీ మొదటిలా పనికి సిద్ధమవుతుంది.

ఈ మూడింటి మీద ఒక మూత ఉంటుంది. నీళ్లలో ఉన్నంతసేపు అది మూసుకొని ఉంటుంది. నూనె, నీరు కలిసే అంచు దగ్గరకు చేరినప్పుడు తెరుచుకుంటుంది. నూనె బొట్లుగా ఏర్పడినప్పుడే లైపేజ్ చురుకుగా పనిచేస్తుందని 1958లో సర్దా, దెన్యుయెల్ గమనించారు. మన పేగులో పైత్యరసం కొవ్వును చిన్న బొట్లుగా చేస్తుంది. కోలైపేజ్ అనే చిన్న ప్రొటీన్ లైపేజ్‌ను ఆ బొట్టు మీద నిలబెడుతుంది.

మిల్లులో జరిగేది

వడ్లగింజలోనూ లైపేజ్ ఉంది. వరి లైపేజ్ మన క్లోమ లైపేజ్‌లా అచ్చంగా ఉండదు కానీ చేసే పని ఒకటే. గింజ చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం నూనె ఒక పొరలో, లైపేజ్ మరో పొరలో ఉంటాయి. పాలిష్ పట్టగానే పొరలన్నీ నలిగి రెండూ కలుస్తాయి. అంటే తవుడు పుట్టిన నిమిషం నుంచే చెడిపోవడం మొదలవుతుంది. విడిపోయిన కొవ్వు ఆమ్లాలు గాలి తగిలి మరింత మారి ఆ ముక్కిన వాసననిస్తాయి.

పచ్చి తవుడులో 15 నుంచి 20 శాతం నూనె ఉంటుంది. అలాగే వదిలేస్తే, ఆ నూనెలో స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు మొదట్లో రోజుకు 5 శాతానికి పైగా పెరగవచ్చు. అవి 10 శాతం దాటితే దాన్ని వంటనూనెగా శుద్ధి చేయడం గిట్టుబాటు కాదు. కాస్టిక్ సోడా వేస్తే ఆ ఆమ్లాలు సబ్బుగా మారి, మంచి నూనెను కూడా తమతో తీసుకుపోతాయి. వంటకు వెళ్లాల్సిన నూనె సబ్బుల తయారీకి పోతుంది, ధర పడిపోతుంది. అందుకే తవుడు లారీ సాల్వెంట్ మిల్లుకు ఎంత త్వరగా చేరితే అంత లాభం.

దీన్ని ఆపేదెలా?

1. వేడి: గుడ్డు ఉడికితే తెల్లసొన గడ్డకట్టి మళ్లీ మామూలు రూపానికి రాదు. ఎంజైమ్ కూడా ప్రొటీనే కాబట్టి గట్టి వేడికి దాని ముడతలు విడిపోతాయి. ఆ మూడు అమైనో ఆమ్లాలు దూరమై పని ఆగిపోతుంది. యంత్రంలో 125 నుంచి 135 డిగ్రీల వేడిని కొన్ని సెకన్లు ఇచ్చి తవుడును నిలకడ చేస్తారు.

2. ఉప్పుడు బియ్యం: వడ్లను నానబెట్టి ఆవిరి పట్టినప్పుడే లైపేజ్ చచ్చుబడుతుంది. అందుకే బాయిల్డ్ తవుడు ఎక్కువ రోజులు నిలుస్తుంది. అందులో నూనె శాతం కూడా ఎక్కువ.

3. చల్లదనం: ఇది చర్యను నెమ్మదింపజేస్తుంది అంతే, ఆపదు.

మరో విశేషం ఉంది. హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రవేత్తలు తవుడు నూనెలోని జిగురును తీయడానికి ఫాస్ఫోలైపేజ్ వాడే పద్ధతిని రూపొందించారు. అదీ లిపిడ్‌లను కోసే ఎంజైమే. ఒకటి నూనెను పాడు చేస్తే, దాని బంధువు శుద్ధి చేయడానికి సాయపడుతోంది!

మీరే చేసి చూడండి

ఇంటర్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ ప్రయోగం చేయవచ్చు. అదే రోజు పట్టిన పచ్చి తవుడు తెచ్చి రెండు భాగాలు చేయండి. ఒక భాగాన్ని బాగా వేయించి చల్లార్చండి. రెంటినీ విడివిడి డబ్బాల్లో వారం రోజులు ఉంచండి. తర్వాత సమాన తూకంలో తీసుకొని ఆల్కహాల్‌లో కలిపి వడకట్టండి. ఫినాఫ్తలీన్ చుక్క వేసి, గులాబీ రంగు వచ్చేదాకా పలుచని సోడియం హైడ్రాక్సైడ్ బొట్లు బొట్లుగా వేయండి. మంట దగ్గర ఆల్కహాల్ వద్దు. మీ లెక్చరర్ ఎదుటే చేయండి. పచ్చి తవుడుకు ఎక్కువ బొట్లు పడితే, ఆ తేడాలో ఎక్కువ భాగం లైపేజ్ చేసిన పనే.

ఇంగ్లీషు పదాలు చూసి సైన్సు మనది కాదని ఏ చెల్లీ, ఏ తమ్ముడూ బైపీసీ వదిలేయవద్దని నా మనవి. పాఠంలోని ఎంజైమ్ మన ఊరి తవుడు బస్తాలోనే ఉంది. అమ్మానాన్నల పనిలో ఉన్న తెలివికి పుస్తకంలోని పేరు కలిపితే అదే మన చదువు.