ముఖం చూసుకున్నట్టే పాదాలూ చూసుకోండి

షుగరు వ్యాధి ఉన్నవారు కాలి పుండుతో మా దగ్గరకు వచ్చినప్పుడు "ఇది ఎన్నాళ్ళ నుంచి ఉంది?" అని అడుగుతాము. చాలామంది చెప్పే జవాబు ఒకటే: "తెలియదండి, నొప్పి లేదు కదా అని ఊరుకున్నాం." నిజానికి భయపడవలసింది ఆ నొప్పి లేకపోవడం గురించే.

రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే నరాలు దెబ్బతింటాయి. అన్నిటికంటే పొడవైన నరాలు పాదాలకు వెళ్ళేవి కాబట్టి మొదటి దెబ్బ వాటికే. మొదట్లో తిమ్మిర్లు, మంటలు, దూది మీద నడుస్తున్నట్టు అనిపించడం ఉంటాయి. కొంతకాలానికి ఆ బాధలు తగ్గిపోతాయి. జబ్బు నయమైందని చాలామంది సంతోషిస్తారు. కాని చాలాసార్లు అది స్పర్శ పూర్తిగా పోయిందనడానికి గుర్తు. దానికి తోడు రక్తనాళాలు సన్నబడితే చిన్న గాయం కూడా త్వరగా మానదు. లోపలికి చీము పట్టి, ఎముకకు పాకి, చివరకు వేలో కాలో తీసివేయవలసి వస్తుంది.

ఈ సంగతి వైద్యులకు ముందుగా నేర్పినవారు కుష్ఠు రోగులు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ ఆ రోగుల చేతులను, కాళ్ళను శ్రద్ధగా పరిశీలించారు. కుష్ఠు వలన వేళ్ళు వాటంతటవే రాలిపోతాయని అప్పట్లో అందరూ అనుకునేవారు. అది నిజం కాదనీ, నొప్పి తెలియక పదే పదే తగిలిన దెబ్బలు, కాలిన గాయాలే వేళ్ళను పోగొడుతున్నాయనీ ఆయన చూపించారు. కొందరి వేళ్ళను రాత్రి నిద్రలో ఎలుకలు కొరికినా మెలకువ వచ్చేది కాదు! నొప్పి చేయలేని కాపలా కళ్ళు చేయాలి. షుగరు వ్యాధిగ్రస్తులకు ఈనాడు మేము చెప్పేదీ అదే.

కాబట్టి రోజూ ఒక వేళ పెట్టుకోండి. రాత్రి పడుకోబోయే ముందైతే మంచిది. మంచి వెలుతురులో కూర్చుని రెండు పాదాలూ చూసుకోండి. పైభాగం చూసి ఊరుకోవద్దు. వేళ్ళ సందులు, మడమ అంచులు, ముఖ్యంగా అరికాలు చూడాలి. వంగలేనివారు నేల మీద చిన్న అద్దం పెట్టి, దాని పైన పాదం ఎత్తి చూసుకోవచ్చు. చూపు మందగించినవారికి ఇంట్లో వాళ్ళు చూసిపెట్టాలి. మనవళ్ళు, మనవరాళ్ళ కళ్ళు ఈ పనికి చాలా బాగా పనికివస్తాయి. ఎర్రదనం, బొబ్బ, పగులు, ఆనెకాయ చుట్టూ నల్లబడడం, సందుల్లో తెల్లగా నాని ఉండడం కనిపిస్తుందేమో చూడండి. అరచేతి వెనుక భాగంతో తాకి చూడండి. ఒక పాదం రెండోదానికంటే వేడిగా, వాపుగా ఉంటే పుండు లేకపోయినా వెంటనే డాక్టరుకు చూపించాలి. లోపల ఎముకలు దెబ్బతింటూ ఉండవచ్చు.

పాదాలను గోరువెచ్చని నీళ్ళతో కడిగి, వేళ్ళ సందుల్లో తడి లేకుండా మెత్తని గుడ్డతో అద్దండి. నీళ్ళ వేడిని కాలితో కాదు, మోచేతితో చూడాలి. వేడినీళ్ళ కాపడం, వేడి ఇటుక కాపడం పూర్తిగా మానండి. మడమలకు కొబ్బరినూనె రాసుకోవచ్చు, సందుల్లో మాత్రం రాయవద్దు. గోళ్ళు తిన్నగా కత్తిరించుకోండి. ఆనెకాయలను బ్లేడుతో చెక్కడం, వాటిమీద మందుల షాపులో అమ్మే పట్టీలు వేయడం వద్దు.

చెప్పుల గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి. ఇంట్లో కూడా చెప్పులు లేకుండా నడవవద్దు. పలుచని హవాయి చెప్పులోంచి ముల్లు, మేకు సులువుగా దిగుతాయి. స్పర్శ లేనివారికి అది జారిపోయినా తెలియదు. మడమ వెనుక పట్టీ, లోపల మెత్తని ఎం.సి.ఆర్. రబ్బరు ఉన్నవి మంచివి. సాయంత్రానికి పాదాలు కొంచెం ఉబ్బుతాయి కాబట్టి చెప్పులు సాయంత్రం పూటే కొనండి. వేసుకునే ముందు ప్రతిసారీ బోర్లించి దులిపి, లోపల చేయి పెట్టి చూడండి. ఉదయం దిగిన చీలతో సాయంత్రం వరకు పొలంలో నడిచి వచ్చినవారిని మేము చూశాము. గుడి దగ్గరైనా, చర్చి దగ్గరైనా చెప్పులు బయట విడవడం మన అలవాటు. ఏప్రిల్, మే నెలల్లో ఆ సిమెంటు గచ్చు మీద నాలుగడుగులు నడిస్తే చాలు, అరికాలు బొబ్బలెక్కుతుంది. మందపాటి నూలు మేజోళ్ళు వెంట తెచ్చుకోండి. ఎవరూ తప్పుపట్టరు.

పుండు కనిపిస్తే మంచినీటితో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టి, ఆ కాలు మోపకుండా అదే రోజు ఆసుపత్రికి రండి. పసుపు, సున్నం, బూడిద, కాఫీపొడి పెట్టవద్దు. "నడుస్తుంటే రక్తం ఆడుతుంది, పుండు మానుతుంది" అని పెద్దలు చెప్పవచ్చు. పుండు ఉన్న అరికాలిపై శరీర బరువు పడినంతకాలం అది మానదు. బీడీ, చుట్ట, సిగరెట్టు రక్తనాళాలను ఇంకా బిగిస్తాయి. మందులు మానేసి చక్కెర పెరగనిస్తే ఈ జాగ్రత్తలలో సగం వృథా.

పుండు లేకపోయినా సంవత్సరానికి ఒకసారి పాదాల పరీక్ష చేయించుకోవాలి. సన్నని నైలాను దారాన్ని అరికాలికి ఆనించి, కళ్ళు మూసుకున్న మీకు అది తెలుస్తోందా అని అడుగుతాము. నొప్పి ఏమీ ఉండదు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఆ పరీక్షకు వచ్చేటప్పుడు పెళ్ళిళ్ళకు దాచుకున్న కొత్త చెప్పులు కాకుండా రోజూ తొడుక్కునే పాతవే వేసుకుని రండి. అవి ఎక్కడ అరిగాయో చూస్తే పాదంలో ఏ చోట బరువు ఎక్కువ పడుతోందో మాకు తెలుస్తుంది.