బొమ్మకు ఏ ఇంకు? ముందు ఈ ఒక్క టెస్ట్ చేయండి

సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో 1208లో కట్టిన ఎరకేశ్వరాలయం ఉంది కదా, దాని బొమ్మ వేశాను. అమ్మమ్మకి ఫ్రేమ్ కట్టించి ఇద్దామని. ఫౌంటెన్ పెన్నుతో మూడు గంటలు గీశా. పైన వాటర్ కలర్ వేయగానే స్తంభాలన్నీ నీలంగా పాకిపోయాయి! తప్పు పెన్నుది కాదు, ఇంకు చూసుకోని నాది.

విషయం సింపుల్. మామూలు రాత ఇంకులో ఉండేది డై. నీళ్లలో చక్కెరలా పూర్తిగా కరిగి ఉంటుంది. అందుకే పెన్ను జామ్ కాదు. కానీ ఆరాక తడి తగిలితే మళ్లీ కరుగుతుంది, వెలుతురుకి వెలిసిపోతుంది.

ఇండియన్ ఇంకులో ఉండేది మసి, అంటే కార్బన్. అది కరగదు, సన్నటి రేణువులుగా ఉంటుంది. వాటర్‌ప్రూఫ్ రకంలో లక్క లాంటి జిగురు ఆ రేణువుల్ని కాగితానికి పట్టి ఉంచుతుంది.

మరి దాన్నే ఫౌంటెన్ పెన్నులో పోద్దామా? అస్సలు వద్దు. లోపల ఎండితే పెన్ను పాడైనట్టే. ముంచి గీసే నిబ్బు, లేదా బ్రష్షు వాడండి. పని కాగానే కడిగేయండి. పెన్నే కావాలంటే ఫౌంటెన్ పెన్నుల కోసమే చేసిన పిగ్మెంట్ ఇంకు తీసుకోండి.

రంగులు వేయని స్కెచ్ ప్రాక్టీసుకైతే మామూలు ఇంకు చాలు.

కోదాడలో కొన్నా, మిర్యాలగూడలో కొన్నా, బాటిల్ మీద వాటర్‌ప్రూఫ్ అని ఉన్నా సరే, ముందు మీ కాగితం ముక్క మీద ఒక గీత గీయండి. పూర్తిగా ఆరనిచ్చి తడి బ్రష్షు లాగండి. గీత కదలకపోతేనే అసలు బొమ్మ మొదలుపెట్టండి. నేనైతే అమ్మమ్మ బొమ్మ మళ్లీ మొదటి నుంచి వేస్తున్నా!