సూర్యకాంతం ఉన్న ట్యాంకు

"ఫైటర్‌ని వేరే చేపలతో కలపకూడదంటారు కదా మేడమ్?" బ్లౌజు కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు నన్ను తరచూ అడిగే మాట ఇది. బెజవాడలో నా టైలరింగ్ షాపులో, కస్టమర్లు కూర్చునే బెంచీకి ఎదురుగా మూడడుగుల ట్యాంకు ఉంది. పైన రాస్‌బోరాల గుంపు, అడుగున ఇసుక కెలుక్కుంటూ కోరీలు, వీటి మధ్య నీలం ఒంటికి ఎర్ర రెక్కలున్న ఆడ ఫైటర్ ఒకటి. మా దగ్గర హుక్కులు, కాజాలు కుట్టే అమ్మాయి దానికి సూర్యకాంతం అని పేరు పెట్టింది. గయ్యాళి వేషాలు వేసిన ఆ మహానటి బయట వెన్నలాంటి మనిషని మా అమ్మ చెప్పేది. మా చేప మాత్రం రెండు రకాలుగానూ ఉంటుంది.

మగ ఫైటర్‌ని కలపకపోవడమే మేలు. ఆడదాన్ని కలపొచ్చు. కానీ చేపల షాపులో చెప్పినంత తేలిక కాదు. "ఫిమేలే కదక్కా, ఏం చెయ్యదు, వేసెయ్యండి" అని కవరులో వేసి చేతిలో పెట్టేస్తారు. ఆడదైతే నోట్లో నాలుక ఉండదన్న లెక్క ఎక్కడిదో మరి! ఈ చేప సొంత ఊరు థాయ్‌లాండ్. అక్కడి వరిమళ్లలో, మెల్లగా కదిలే కాలవల్లో పుట్టిన జాతి. శాస్త్రవేత్తలు జన్యువులు చూసి తేల్చిందేమిటంటే, మనుషులు దీన్ని పెంచడం మొదలుపెట్టి కనీసం 400 ఏళ్లయింది. అందంకోసమే కాదు, పందేలు కాయడానికి కూడా. పొగరున్న మగవాటిని ఏరి, వాటితోనే పిల్లలు పెట్టించారు. ఆ నెత్తురు ఆడపిల్లలకీ వచ్చింది. కాస్త తక్కువ, అంతే. 1910లో టేట్ రీగన్ అనే శాస్త్రవేత్త దీనికి బెట్టా స్ప్లెండెన్స్ అని పేరు పెట్టాడు. 2019లో థాయ్‌లాండ్ ప్రభుత్వం తమ జాతీయ జలచరంగా ప్రకటించింది.

కొనేటప్పుడే ఒక మెలిక ఉంది. ఆడదానికి రెక్కలు పొట్టి. ప్లాకట్ అనే రకంలో మగదానికీ రెక్కలు పొట్టే. ఆడదని అమ్మింది ఇంటికొచ్చాక మగదిగా తేలడం మామూలే. అందుకని చేపని పక్కనించి, కింది నుంచి చూడాలి. పొట్టకింద, ముందున్న సన్న రెక్కల జంటకి కాస్త వెనక, ఉప్పురవ్వంత తెల్లచుక్క కనిపిస్తే అది గుడ్లు పెట్టే గొట్టం కొస. లేత మగవాటికీ ఒక్కోసారి అలాంటి చుక్క ఉంటుంది కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మొద్దు. మొప్పల కింద గడ్డంలా పొర వేలాడుతోందేమో కూడా చూడండి. కోపమొచ్చి మొప్పలు విప్పినప్పుడు ఆడదానికీ గడ్డం కనిపిస్తుంది గానీ చిన్నది. మామూలుగా ఈదేటప్పుడే పొర బయటికి కనిపిస్తోందంటే అది మగదే అనుకోండి.

ట్యాంకు అరవై లీటర్లకి తగ్గితే నలుగురితో కలిపే ఆలోచన మానుకోవాలి. కొత్త ట్యాంకులో నీళ్లు పోసి ఫిల్టరు పెట్టగానే చేపలు వేయకూడదు. చేపల మలమూత్రాల్లోంచి అమ్మోనియా వస్తుంది. దాన్ని నైట్రైట్‌గా, ఆపైన అంత హాని లేని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కుళాయి నీళ్లలో క్లోరిన్ పోవడానికి మందు చుక్కలు దొరుకుతాయి. ఫైటర్‌కి నీటి ఉరవడి పడదు. స్పాంజి ఫిల్టరు చాలు. మొక్కలు మాత్రం దట్టంగా ఉండాలి. ఒకదాని చూపు ఇంకోదానిమీద పడకుండా ఉంటే సగం గొడవలు తగ్గుతాయి.

థాయ్‌లాండ్‌లో వీటిని పెంచేవాళ్లు నీళ్లలో ఎండిన బాదం ఆకు వేస్తారు. మన వీధుల్లో పిల్లలు రాళ్లేసి కాయలు కొట్టే ఆ బాదం చెట్టు ఆకే. నీళ్లకి టీ రంగొస్తుంది, ఆమ్లగుణం కాస్త పెరుగుతుంది, చేపలకి బెరుకు తగ్గుతుంది. ఆన్‌లైన్‌లో ప్యాకెట్లు కట్టి డబ్బులకి అమ్ముతున్నారు! మేం పక్క సందులోంచి రాలిన ఎర్రటి ఆకులు ఏరి, కడిగి, ఎండబెట్టి వాడుకుంటాం. దుమ్ము, పురుగుమందు పడని చెట్టై ఉండాలి.

తోడు ఎవరు? రాస్‌బోరాలు, ఎంబర్ టెట్రాలు, కోరీలు, కూలీ లోచ్‌లు బాగా పొసుగుతాయి. ఇవి గుంపులో బతికేవి, ఆరింటికి తక్కువ కాకుండా వేయాలి. టైగర్ బార్బ్ వద్దేవద్దు, కనబడిన రెక్కనల్లా కొరుకుతుంది. మగ గప్పీల రంగుల తోకలు చూస్తే మన ఫైటరే ఊరుకోదు. గౌరామీలు దగ్గరి చుట్టాలు, ఆ చుట్టరికంలోనే పేచీ. చిన్న రొయ్యలు వేస్తే అవి దానికి పలహారమే.

అన్నిటికన్నా ఆఖరున ఫైటర్‌ని వేయాలి. బస్సులో ముందెక్కి టవలు వేసినవాడిదే సీటు కదా, ట్యాంకులో కూడా ముందొచ్చినదానికే ఆ హక్కు. మిగతావి స్థిరపడ్డాక ఇది కొత్తగా వస్తే కొంచెం అణిగి ఉంటుంది. కవరుని పావుగంట నీళ్లమీద తేలనిచ్చి, ట్యాంకు నీళ్లు కొంచెం కొంచెం కలిపి, లైటు ఆర్పేసి వదలాలి. ఆ తర్వాత పక్కన కూర్చుని ఒంటిమీది చారలు చూడండి. తలనుంచి తోకదాకా అడ్డంగా నల్లచారలు తేలాయంటే బెదిరిందని. పైనుంచి కిందికి నిలువు చారలైతే గుడ్లకి సిద్ధంగా ఉందని, దానికి కంగారు అక్కర్లేదు. సూర్యకాంతం తొలిరోజు అడ్డచారలతో ఆకు కింద నక్కింది. మర్నాటికి చారలు మాయమై, రాస్‌బోరాలని ఓ మూలకి తోలి వచ్చింది. అవి చురుకైనవి, తప్పించుకున్నాయి. ఉత్త తరుముడు ఫర్వాలేదు. రెక్కలు చిరిగినా, ఒకటి తిండి మానేసి మూల నక్కినా ఫైటర్‌ని వేరుచేయాల్సిందే. అందుకే విడిగా పదిహేను ఇరవై లీటర్ల ట్యాంకు ఒకటి సిద్ధంగా ఉంచుకోకుండా ఈ పనికి దిగొద్దు.

మా ట్యాంకులో అసలు తగువు తిండి దగ్గర. ఫైటర్ నోరు పైకి తిరిగి ఉంటుంది, నీటిమీద తేలే గింజలే దాని సొత్తు. అయినా కోరీల కోసం వేసిన బిళ్ల అడుగుకి చేరేలోపు వెంటబడి, పక్కకి ఒరిగి మరీ కొరికేస్తుంది. తన వాటా, పరుల వాటా తిని పొట్ట బుర్రలా ఉబ్బుతుంది. అందుకని దానికి ఒక మూల, రాస్‌బోరాలకి రెండో మూల ఒకేసారి వేస్తాం. కోరీల బిళ్ల షాపు కట్టేసి లైటార్పాకే. వారానికోరోజు అందరికీ పస్తు.

మా ఊరి మే నెల సంగతి వేరే చెప్పాలి. ఫైటర్‌కి 24 నుంచి 28 డిగ్రీలు హాయి. షాపులో ఏసీ లేదు, నీళ్లు ముప్ఫై దాటుతాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. ఫైటర్ తలలో మొప్పల పైన గాలి పీల్చే అవయవం ఉంటుంది కాబట్టి పైకొచ్చి ఒక గుటక మింగి పోతుంది. చేపల బజార్లో కాసిని నీళ్లలోనే కొర్రమీను కదులుతూ ఉంటుంది చూడండి, అదీ గాలి పీల్చే చేపే. రాస్‌బోరాలకి ఆ వసతి లేదు. కరెంటు పోయి ఫిల్టరు ఆగితే ముందు రొప్పేవి అవే. సూర్యకాంతం కులాసాగా ఉంది కదా అని ట్యాంకంతా బాగున్నట్టు కాదు. గాజు మూత తీసి వలమూత వేసి, నీటిమీదికి చిన్న ఫ్యాను తిప్పుతాం. రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. వల లేకపోతే ఫైటర్ ఎగిరి నేలమీద పడుతుంది. ఐసు ముక్కలు గుమ్మరించొద్దు, ఒక్కసారిగా చల్లబడితే చేపలకి జబ్బు.

ఈ మధ్య నాలుగైదు ఆడ ఫైటర్లని ఒకే ట్యాంకులో పెంచడం ఫ్యాషనైంది. రంగురంగులుగా ఉంటాయి, నిజమే. నెలల తరబడి బాగుండి ఒక్క రాత్రిలో ఒకదాన్నొకటి చీల్చుకున్న ట్యాంకులున్నాయి. మొన్న ఫాల్స్ కుట్టించుకోవడానికి వచ్చిన కాలేజీ అమ్మాయి అదే అడిగింది, ఐదింటిని కొంటాను ఆంటీ అని. ఐదు విడి ట్యాంకులకి చోటుంటే కొనుక్కోమన్నాను. హాస్టల్లో ఉంటున్నానంది. అయితే ఒకటే కొనుక్కో, దానికొక్కదానికే ఇరవై లీటర్ల ట్యాంకు కట్టించుకో, రాస్‌బోరాలు కూడా వద్దులే అని షాపు పేరు రాసిచ్చాను.