విల్లో చెట్ల వంశనిర్ణయము

వరివిత్తనపు చేనిలో కేళీలను మనము కంటితో చూచియే తీయుదుము. విల్లో చెట్ల విషయమున కన్ను చాలదు. ఎక్కువగా చలిదేశముల ఏటియొడ్డుల పెరుగు నీ చెట్లు రమారమి 400 జాతులు; మన యేటిపాలయు నీ కుటుంబములోనిదే. ఒక జాతి మరియొకదానితో సులభముగా సంకరమగును. కొమ్మ గుచ్చిన చాలును, నాటుకొనును. కావున పేరు తప్పిన సంకరము తోటనుండి తోటకు ప్రాకును.

కొరియా, జపాను, తూర్పు సైబీరియాలలో చోసేనియా యను చెట్టు కలదు. విల్లోపూలలో సాధారణముగా తేనె యుండును, పురుగులు పుప్పొడిని మోయును. దీనికి తేనె లేదు, గాలియే మోయును. అందుచే 1920లో నకాయి యను జపాను పండితుడు దీనిని వేరు ప్రజాతిగా నేర్పరచెను. తప్పు పట్టుటకు లేదు, కంటికట్లే తోచును! అయితే జీవకణములలో వంశలక్షణములను మోయు డి.ఎన్.ఏ. యను పదార్థము నాలుగక్షరముల వ్రాతవంటిది. 2000 సంవత్సరమున, ఆకుల హరితరేణువులలోని యా వ్రాతను జాతిజాతికి పోల్చి చూడగా, చోసేనియా విల్లోల నడుమనే చీలిన శాఖ యని తేలెను.

హరితరేణువులు సామాన్యముగా తల్లినుండియే సంక్రమించును. సంకరపు మొక్క తండ్రి జాడ వానియందు కానరాదు. అందుచే కణకేంద్రములోని డి.ఎన్.ఏ.ను గూడ చదువుదురు. రెండు వ్రాతలును పొసగనిచోట, పూర్వమెప్పుడో సంకరము జరిగెనా యని శోధింతురు.