మతము, సాధన: పూచీ యెవరిది?

గుడికి పోకపోయినను దేవుడున్నాడని నమ్ముదుమనియు, మతముతో తమకు పనిలేదు గాని ఆధ్యాత్మికచింతన మాత్రము కలదనియు చెప్పువారు నేడు ప్రతి యూరను కానవచ్చుచున్నారు. ఆ మాట తేలికగా అనదగినదే గాని, మతమునకును ఆధ్యాత్మికతకును నడుమనున్న సరిహద్దు ఎచ్చట పడుచున్నదని యడిగినచో సమాధానము అంత తేలికగా దొరకదు. విచారించి చూడగా, ఒకని యంతరంగమున జరుగు పరిణామమునకు పూచీపడువారెవరు అను ప్రశ్నయొద్దనే ఆ రెండును విడిపోవుచున్నట్లు తోచును.

వ్యవస్థగా నిలిచిన మతము తన యనుయాయికి గ్రంథమును, గురుపరంపరను, ఆచారమును, పండుగల క్రమమును ఒసగి, వీనిని పాటించినచో నీవు సరియైన దారిలోనే యున్నావని పూచీపడును. ఇంట మనిషి పోయి, ఏమి చేయవలయునో తోచక యింటిల్లిపాదియు కూలబడియున్న వేళ, మూడవనాడు ఇది, పదియవనాడు ఇది యని చెప్పి నడిపించు వాడొకడుండుట సామాన్యమైన యుపకారము కాదు. వ్యక్తిగతమైన సాధనకు అట్టి పూచీదారు లేడు. అందు వెదకువాడును, దొరకినది నిజమో కాదో తేల్చుకొనవలసినవాడును ఒక్కడే.

ఈ భేదమును తన జీవితముననే స్పష్టపఱచినవారు మన తెలుగువారిలోనే యొకరు కలరు. 1895లో మదనపల్లెలో, రెవెన్యూ ఉద్యోగియైన జిడ్డు నారాయణయ్యగారికి ఎనిమిదవ సంతానముగా జన్మించి, అష్టమగర్భమగుటచే కృష్ణుని పేరు పొందిన జిడ్డు కృష్ణమూర్తి, పదేండ్ల ప్రాయముననే తల్లిని గోల్పోయి, 1909లో తండ్రితో అడయారునందలి దివ్యజ్ఞాన సమాజమునకు చేరగా, సముద్రతీరమున ఆ బాలుని చూచిన సమాజ ప్రముఖుడు లెడ్‌బీటరు, రాబోవు జగద్గురువు ఇతని యందే యావేశింపగలడని నిశ్చయించెను. 1911లో ఆ జగద్గురువు రాకకై ‘ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్’ అను సంఘము వెలసి, కృష్ణమూర్తిని అధిపతిగా నిలిపెను. సమాజాధ్యక్షురాలైన అనిబిసెంటుగారి సంరక్షణలోనున్న కృష్ణమూర్తిని, అతని తమ్ముని మరల తెచ్చుకొనుటకై తండ్రి దావా వేయగా, మద్రాసు హైకోర్టు ఆయన పక్షమున తీర్పు చెప్పినను, 1914లో లండనునందలి ప్రీవీ కౌన్సిలు దానిని కొట్టివేసెను.

రొమ్మున వెండి నక్షత్రమును ధరించిన సభ్యులు దేశదేశములందు వేలకొలది చేరిరి. చేరినకొలదియు మతమునకు సహజమైన లక్షణములన్నియు ఒక్కొక్కటిగా పొడసూపెను. ఎవరు ఆధ్యాత్మిక సోపానమున ఎన్నవ మెట్టెక్కిరో, కంటికి కనబడని మహాత్ములు ఎవరిని శిష్యులుగా స్వీకరించిరో సమాజములోని పెద్దలే నిర్ణయించి చెప్పసాగిరి. 1925 ఆగస్టులో, హాలండునందలి ఓమెన్ శిబిరమున, జగద్గురువునకు పండ్రెండుగురు అపొస్తలులుందురని చెప్పి, వారిలో కొందఱి పేర్లను అనిబిసెంటుగారు సభాముఖముననే ప్రకటించిరి. ఒకరి యాత్మ ఎంతవఱకు పండినదో మఱియొకరు వేదిక నెక్కి చదివి వినిపించుట పూచీపడు వ్యవస్థకు పరాకాష్ఠ.

ఆ యేడాది నవంబరులోనే, క్షయరోగముతో కాలిఫోర్నియాలోని ఓహాయిలో విడిచి వచ్చిన తమ్ముడు నిత్యానంద మరణించెనన్న తంతి, ఇండియాకు వచ్చుచున్న ఓడలో కృష్ణమూర్తికి అందెను. మహాత్ములు తమ్ముని కాపాడుదురని ఆయన గట్టిగా నమ్మియుండిరి. పెద్దలిచ్చిన పూచీ చెల్లలేదు. దుఃఖము కొన్నాళ్లకు తగ్గినను, ఒకరి మాటపై ఇంకొకరు సత్యమును పొందగలరన్న నమ్మిక మఱల మునుపటివలె నిలువలేదు.

1929 ఆగస్టు 3న, అదే ఓమెన్‌లో, తనను కన్నకొడుకువలె పెంచిన అనిబిసెంటుగారి యెదుట, సుమారు 3000 మంది సభ్యులు వినుచుండగా, కృష్ణమూర్తి ఆ సంఘమును రద్దుచేసిరి. సత్యమును సంస్థగా కట్టి నడపుట యసాధ్యమనియు, తనకు అనుచరులు అక్కఱలేదనియు ఆనాటి ప్రసంగసారము. సంఘమునకు వచ్చిన భూములను, ధనమును ఇచ్చినవారికి తిరిగి యిప్పించిరి.

అయినను తరువాతి కథ మఱింత గమనింపదగినది. ఉపన్యాసమునకు స్థలము కావలెను. పుస్తకము అచ్చగుటకు సొమ్ము కావలెను. మదనపల్లెకు చేరువనున్న ఋషివ్యాలీ పాఠశాలయు, 1968లో ఇంగ్లండునందు ఏర్పడిన కృష్ణమూర్తి ఫౌండేషన్ ట్రస్టును, పిదప అమెరికాలోను మన దేశములోను వచ్చిన ఫౌండేషనులును సంస్థలు కాక మఱేమి? లెక్కలు, ధర్మకర్తలు, కార్యాలయము ఉన్నంతమాత్రమున ఏదియు మతము కాజాలదని దీనివలన తెలియుచున్నది. 1986 ఫిబ్రవరి 17న ఓహాయిలో కన్నుమూయులోపల ఆయన, తన తరువాత తన పేర మాటాడుటకుగాని తన బోధకు భాష్యము చెప్పుటకుగాని యెవ్వరికిని అధికారము లేదని తేల్చిచెప్పిరి. సంస్థ ఆయన ప్రసంగముల టేపులను భద్రపఱచవచ్చును, పిల్లలకు చదువు చెప్పవచ్చును. ఫలానివారికి జ్ఞానము కలిగినదని ముద్రవేయుట మాత్రము దానికి చెల్లదు.

ఈ స్వాతంత్ర్యము ఉచితముగా వచ్చునది కాదు. పూచీ లేనిచోట తప్పుదిద్దువారును లేరు. పరంపరలో నున్నవాడు దారి తప్పినచో మందలించుటకు పెద్దలుందురు గాని, ఒంటరి సాధకుడు తన మనోభ్రమనే సాక్షాత్కారమని యెంచినచో ఆపువారుండరు. ఆపదలో ఇరుగుపొరుగును కూడగట్టు శక్తియు, ఆకలిగొన్నవారికి నిత్యము అన్నము పెట్టు శక్తియు వ్యవస్థకే యున్నవి. ఏకాంతధ్యానము వానిని సమకూర్చలేదు.

కావున ఎవడు మతస్థుడో, ఎవడు సాధకుడో వారు నిలిచిన చోటును బట్టి నిర్ణయింపరాదు. నిత్యము దీపారాధన చేయుచునే, ఈనాడు నా కోపము తగ్గినదా, నా భయము పోయినదా యని తన్ను తానే ప్రశ్నించుకొనువాడు సాధకుడే. ఏ మఠముతోను తనకు సంబంధము లేదని చెప్పుకొనుచు, తనకు నచ్చిన బోధకుని వీడియో చూడనిదే పిల్ల పెండ్లి విషయము కూడ తేల్చుకొనలేనివాడు, పేరు నమోదు చేయించుకొనని మతస్థుడు.