వాచీలో ‘నార్మల్’ అని వచ్చిందా? ఛాతీ నొప్పి ఉంటే మాత్రం ఆగొద్దు!

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: చేతి వాచీలోనే ఈసీజీ తీసుకునే రోజులొచ్చాయి. ఆన్‌లైన్‌లో కొన్నవో, గల్ఫ్ నుంచి బంధువులు తెచ్చినవో పల్లెల్లోనూ కనిపిస్తున్నాయి. అయితే ఛాతీలో నొప్పి వచ్చినప్పుడు వాచీ చూసుకుని ‘ఏం కాలేదులే’ అని ఇంట్లోనే ఉండిపోతే ప్రాణాల మీదకు రావచ్చు.

వాచీ చూసేది ఎంత?

ఆస్పత్రిలో ఈసీజీ తీసేటప్పుడు చేతులు, కాళ్లు, ఛాతీ మీద కలిపి 10 ఎలక్ట్రోడ్లు పెడతారు. వాటితో గుండెలోని విద్యుత్ ప్రవాహం 12 కోణాల్లో కనిపిస్తుంది. వీటినే లీడ్లు అంటారు. వాచీ మాత్రం రెండు చేతుల మధ్య కొలిచే మొదటి లీడ్ ఒక్కటే చూపిస్తుంది. గుండె కింది భాగంలో పోటు వస్తే, ఆ మార్పులు ప్రధానంగా 2, 3, ఏవీఎఫ్ లీడ్లలో తెలుస్తాయి. అవి వాచీకి అందవు.

మరి దేనికి పనికొస్తుంది?

గుండె లయ తప్పడాన్ని పట్టుకోవడానికి. ముఖ్యంగా పక్షవాతానికి దారితీసే ‘ఏట్రియల్ ఫిబ్రిలేషన్’ను ఇది గుర్తించగలదు. 2018లో యాపిల్ వాచ్ ఈసీజీకి అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది ఇందుకే. గుండెపోటును ఇది గుర్తించలేదని ఆ కంపెనీయే చెబుతోంది.

‘సైనస్ రిథమ్’ అని వస్తే గుండె క్రమంగా కొట్టుకుంటోందని మాత్రమే అర్థం. రక్తనాళం మూసుకుపోతున్నా లయ బాగానే ఉండొచ్చు. ఇక చాలా చవక వాచీల్లో అసలు ఈసీజీయే ఉండదు. వెనక వెలిగే పచ్చ లైటుతో నాడి వేగాన్ని మాత్రమే లెక్కిస్తాయి.

చెయ్యి కదిలినా, పట్టీ వదులైనా రీడింగ్ తప్పు రావచ్చు. అందుకే వాచీ హెచ్చరించగానే కంగారుపడి సొంతంగా మందులు వేసుకోవద్దు, వాడుతున్నవి ఆపొద్దు.

టైమే ముఖ్యం

ఆస్పత్రిలో తీసిన మొదటి ఈసీజీ బాగున్నా, అనుమానం ఉంటే డాక్టర్లు మళ్లీ తీస్తారు. ట్రోపోనిన్ రక్తపరీక్ష చేస్తారు. గుండెపోటులో గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఎంత త్వరగా పడితే అంత మేలు.

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. అయినా స్టెంట్ వేయాల్సి వస్తే వరంగల్‌కో హైదరాబాద్‌కో పోవాల్సి రావచ్చు. ఈ మూడు పట్టణాల నుంచి వరంగల్ సుమారు 50 నుంచి 70 కిలోమీటర్లు. తండాలు, అటవీ గ్రామాల వాళ్లకు ఇంకా దూరం. ఇంట్లో వాచీ చూస్తూ పోగొట్టుకున్న గంట మళ్లీ రాదు.

ఈ లక్షణాలుంటే 108కి ఫోన్ చేయండి

- ఛాతీలో బరువు, నొక్కినట్టు నొప్పి
- నొప్పి ఎడమ చేయి, దవడ, వీపుకు పాకడం
- చల్లని చెమటలు, ఆయాసం, కళ్లు తిరగడం

షుగర్ ఉన్నవాళ్లలో, మహిళల్లో నొప్పి లేకుండా ఆయాసం, వాంతి, నీరసంతోనే గుండెపోటు రావచ్చు. ‘గ్యాస్’ అనుకుని వదిలేయొద్దు.

వాచీ తీసిన రీడింగ్‌ను ఫోన్‌లో దాచి డాక్టర్‌కు చూపించండి. అది ఆయనకు పనికొస్తుంది. ఆస్పత్రికి వెళ్లాలా వద్దా అన్నది మాత్రం వాచీని అడగొద్దు.